ఎర్రపోగు

ఇప్పటికీ ఎవరైనా తెల్లదారానికి ముడి వేస్తుంటే నేను ముఖం తిప్పుకుంటాను.

ప్రొద్దుటూరు ఆస్పత్రిలో నేను కాంపౌండరుగా ఉన్న రోజుల్లో, జమ్మలమడుగు వైపు నుంచి మగ్గం నేసే ఒకామె నెలనెలా మూర్ఛ బిళ్ళల కోసం వచ్చేది. అక్షరం ముక్క రాదు. వచ్చీ రాగానే కొంగుముడి విప్పి ఒక తెల్లదారం నా బల్ల మీద పరిచేది. రోజుకొక ముడి. మూర్ఛ వచ్చిన రోజు ముడిలో ఒక ఎర్రపోగు. పాత బిళ్ళలు వాడినన్నాళ్ళూ ఆ దారం తెల్లగానే ఉండేది.

కొత్త డాక్టరు వచ్చి బిళ్ళ మార్చాడు.

"బాగుండే మందు ఎందుకు మార్చినారప్పా?" అని నన్నడిగింది.

"డాక్టరు కన్నా నీకెక్కువ తెలుసా?" అని కసిరాను.

పది రోజులకే మళ్ళీ వచ్చింది. దారంలో రెండు ఎర్రపోగులు.

"పాత బిళ్ళలే ఇయ్యప్పా. మగ్గం ముందర కూర్చోవాలంటే బయమైతాంది."

ఆ దారం డాక్టరుకు చూపించాలంటే పక్కగదికి పోవాలి, అంతే. పోలేదు. "కొత్త మందు ఒంటికి పట్టాలమ్మా, నెల ఆగు" అని పంపేశాను.

మరుసటి వారం ఆమె భర్త వచ్చాడు. అచ్చం ఆమెలాగే బల్ల మీద దారం పరిచాడు. మూడు ఎర్రపోగులు.

"పాత మందే ఇప్పిస్తాను, ఆమెను పిలుచుకొని రా" అన్నాను గబగబా.

"బాయికాడ నీళ్ళు చేదతా లోపలికి పడిపోయిందప్పా. మనిషి దక్కల్యా" అన్నాడు. "ఆ కడపటి పోగు నేను కట్టినా."