ఇంచీలనుకున్న ఆరు

పోయిన గొట్టాలు నూట పన్నెండు. వాటిలో ముప్పై ఏడింటిని, పోయాయని తెలియకుండానే వాడేశాను. ఇరవై రెండు పశువులకు ఒక్కోటి, ఆరింటికి రెండేసి, ఒక బర్రెకు మూడు. మొత్తం ఇరవై తొమ్మిది పశువులు. మిగిలిన డెబ్బై ఐదు గొట్టాలను డాక్టరు పారేయించాడు.

వరంగల్లులో ఒక పశువుల దవాఖానలో గడ్డకట్టించిన ఆంబోతు వీర్యం నా అధీనంలో ఉండేది. ఎదకొచ్చిన ఆవుకో బర్రెకో సూదిగా వేసే ఆ సన్నని గొట్టాలు ఎప్పుడూ ద్రవ నైట్రోజన్ క్యానులో మునిగి ఉండాలి. కొలత గీతలున్న కట్టెను అడుగుదాకా ముంచి తీసి గాలిలో ఊపితే, మునిగినంత మేర తెల్లగా మంచు పడుతుంది. అదే లోతు. రోజుకు అర ఇంచీ తగ్గుతుందని ఏడాదంతా రాసుకుని నేనే లెక్క కట్టాను. ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. ఆ లెక్క చూసుకుని మురిసేవాణ్ణి.

ఎనభై నాలుగులో మేడారం జాతరకు బయల్దేరే పొద్దున కట్టె ముంచాను. మంచు ఆరు దగ్గర ఆగింది. ఆరు ఇంచీలంటే పన్నెండు రోజులు. నైట్రోజన్ బండి తొమ్మిదో రోజున వస్తుంది. నిశ్చింతగా వెళ్లాను. పదో రోజు తిరిగొచ్చేసరికి క్యాను నింపి ఉంది. మూత తీస్తే ఎప్పటి పొగే.

మూడు నెలలైనా ఒక్క పశువూ చూలు కట్టలేదు. డాక్టరు ఒక గొట్టం గోరువెచ్చని నీళ్లలో కరిగించి, చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టాడు.

"ఒక్కటి గూడ కదుల్తలేదు. క్యాను ఎన్నడు ఎండింది?"

"ఎండలె సార్. ఆరు ఉండె."

"ఏం ఆరు?"

కట్టె తెచ్చి చూశాను. పాతది విరిగితే జాతరకు ముందురోజే వచ్చిన కొత్త కట్టె. గీతలు సెంటీమీటర్లవి. ఆరు సెంటీమీటర్లు ఐదు రోజులకైనా చాలవు. బండి వచ్చేలోపు గొట్టాలు కరిగి, తర్వాత మళ్లీ గడ్డకట్టాయి. గడ్డకట్టాక చచ్చినదీ బతికినదీ ఒకేలా ఉంటాయి.

ఆ వారమే డాక్టరు పేపరు చదివి వినిపించాడు. పరాయి దేశంలో మనిషి పిండాన్నే గడ్డకట్టించి, కరిగించి, తల్లి కడుపులో పెడితే బిడ్డ పుట్టిందట.

"ఇగ మనోనికి పెద్దదవాఖానల నౌకరి ఖాయం," అన్నాడు ముసలి అటెండరు. అందరూ నవ్వారు. అక్కడ కట్టె ముంచేది ఎవరో అన్న ఆలోచన ఒక్కటే నాకు తట్టింది.

సైకిలేసుకుని ఊరూరా తిరిగి తప్పు ఒప్పుకున్నాను. కొత్త గొట్టాలు తీసుకెళ్లి, కట్టేదాకా మళ్లీ మళ్లీ సూది వేశాను. రెండేళ్లలో ఇరవై ఎనిమిది ఈనాయి.

మూడుసార్లు సూది వేయించుకున్న బర్రె ఒక ముసలమ్మది. నేను పోయేసరికి గుంజ ఖాళీగా ఉంది.

"గొడ్డుదాయె, మేపి మేపి ఏంజేస్త? కటికాయనకిచ్చిన."

"గొడ్డుది కాదు పెద్దమ్మా. తప్పు నాది."

ఆమె ఖాళీ గుంజ మీద చెయ్యేసింది. "నేను గూడ గొడ్డుదనే తిట్టిన గదా బిడ్డా దాన్ని."

"మంచి దుడ్డెను తెచ్చిస్త."

"ఎవలదో నాకెందుకు? నా బర్రెకు పుట్టెడిది తెస్తవా?"

ఇరవై తొమ్మిదిలో ఇరవై ఎనిమిది తీర్చాను. ఇంకా ఒకటి బాకీ.