దసరా నుంచి మొరాయించిన కారు

మా వీధి చివర మగ్గం నేసే ఆయన దగ్గర పాత డీజిల్ కారు ఒకటి ఉండాది. షోకుకు కొన్నది కాదు. ఆయన భార్యకు కిడ్నీలు పోయినాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ కోసం ప్రొద్దుటూరు పోవల్ల. బస్సులో పోయి వచ్చే ఓపిక ఆమెకు లేదు.

నేను ఎర్రగుంట్లలో సిమెంటు లారీలు బాగుచేస్తా ముసలోణ్ణయినాను. అక్షరాలు యాభై దాటినాక వచ్చినాయి గానీ ఇంజను చిన్నప్పుడే వచ్చింది. ఆ పొగరు కొంచెం ఉండాది నాకు. కారు తొందరగా స్టార్టు కావడం లేదని ఆయన మొదటిసారి వచ్చినప్పుడు నేను అరుగు మీదనుంచి లేవను కూడా లేదు. "బ్యాటరీ పోయింటాది, మార్చుకోపో" అన్నాను. పాపం, నా మాట నమ్మి కొత్తది తెచ్చుకున్నాడు. కారు మూలుగు మాత్రం తగ్గలేదు.

ఒక సోమవారం అది అసలు కదల్లేదు. ఆ పూట ఆమెకు డయాలసిస్ తప్పిపోయింది. బుధవారం పొద్దున్నే నేనే పోయినాను. ఆమె గడపలో కూర్చోనుండాది. కాళ్లు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. చూసి సిగ్గయింది నాకు.

"సెల్ఫు కొట్టప్పా" అన్నాను ఆయనతో.

గుర్ర్, గుర్ర్ అని నీరసంగా రెండుసార్లు తిరిగి ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి ఇట్లా?"

"దసరా అయినప్పట్నుంచి అన్నా. చలికేమో అనుకున్యా."

"మన కడప జిల్లాలో చలి యాడిదప్పా? నీ కారేమన్నా కాశ్మీరులో పుట్టిందా?"

గడపలో ఆమె నవ్వింది.

బ్యాటరీ కొత్తదే, బలంగానే ఉండాది. ఆ బలం ఇంజనుకు చేరడం లేదు. ఇంటినుంచి తెచ్చిన లావు తీగ ఒక కొన బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొన నేరుగా ఇంజను ఇనుముకు పట్టి, "ఇప్పుడు కొట్టు" అన్నాను. ఒక్క దెబ్బకు లేచింది. అంటే బ్యాటరీదీ తప్పు కాదు, సెల్ఫుదీ కాదు. బ్యాటరీనుంచి బాడీకి పోయే కారు సొంత ఎర్తు తీగే సరిగ్గా అంటుకోవడం లేదు.

బండి ఆపించి, ఆ తీగను బాడీకి బిగించిన బోల్టు విప్పినాను. దాని కింద పసుపు. నూనెతో కలిపి దళసరిగా పూసింది, ఎండి గట్టిపడింది. మధ్యలో కుంకుమ బొట్టు.

"ఇదేందప్పా?"

ఆయన నెత్తి పట్టుకున్నాడు. ఆయుధపూజకు బ్యాటరీని ఆ తీగతో సహా విప్పి, మగ్గం దగ్గర పోగును అటూ ఇటూ తిప్పే నాడె, కత్తెరల పక్కన పీట మీద పెట్టి పూజ చేసినారంట. కారుకు బొట్లు పెడతా పెడతా, రంగు లేకుండా వట్టి ఇనుము కనపడే ఆ చోటు ఆమె కంటికి బోసిగా అనిపించింది. పూసేసింది. ఆయన చూసుకోకుండా దాని మీదే తీగ బిగించినాడు.

భార్య మీదికి గయ్యిమన్నాడు. "ఈడ పూయమని నీకెవరు చెప్పినారే? నీ ప్రాణం మీదికి నువ్వే తెచ్చుకుంటావా?"

"బండి ఆగకూడదనే కదా పూసింది" అనింది ఆమె, తల ఎత్తకుండా.

"ఆ యమ్మను ఏమీ అనొద్దు" అన్నాను. "పసుపు మీద తీగ బిగించింది నువ్వు. లేచి చూడకుండా బ్యాటరీ మార్చమనింది నేను. నన్ను తిట్టు, పడతా."

ఆయన పోయి గరుకు కాగితం తెచ్చి, ఇనుము తెల్లగా మెరిసేదాకా తనే రుద్దినాడు. నేను బోల్టు బిగించినాను. తాళం తిప్పంగానే కారు లేచింది.

"పై దసరాకు యాడ పూయాలన్నా మరి?" కారెక్కుతా ఆమె అడిగింది.

"టైర్లకు పూయమ్మా. గంపెడు పూసినా అవేమీ అనుకోవు."

తొమ్మిదయినాక ఆయన ఫోను చేసినాడు. "ఆలస్యమైనా బెడ్డు ఇచ్చినారన్నా. ఇప్పుడే ఆమెను మిషనుకు ఎక్కించినారు."

"బండి ఆపి మళ్లీ సెల్ఫు కొట్టి చూసినావా?"

"నాలుగుసార్లు చూసినా. ఆసుపత్రి వాచ్‌మన్ తిడతాండాడు."