మా అవ్వ మోచేతి చుక్క

నిన్న వైట్‌ఫీల్డ్ మెట్రోలో పక్కన కూర్చున్న అమ్మాయి ముంజేతి మీద అంగుళాల గీతలు పచ్చబొట్టుగా ఉన్నాయి. అడక్కుండా ఉండలేను, అది నా జబ్బు. "టైలరింగ్ చేస్తా అంకుల్, టేపు ఎక్కడో మరిచిపోతుంటా," అని నవ్వింది.

మన ఈడువాళ్లకు గుర్తుందా, తడిగుడ్డ తీయగానే పూలబుట్టలోంచి లేచే మల్లెవాసన? మా అవ్వ వీధుల్లో పూలమ్మేది. మూరంటే మోచేతి నుంచి వేలి కొసదాకా. అవ్వది పొట్టి చెయ్యి. మా వీధిలో మేస్త్రి భార్య పొడుగాటి మనిషి, రోజూ దెప్పేది: "ఇదీ ఒక మూరేనా అవ్వా?" కొసరు వేసినా ఆ నోరు ఆగేది కాదు.

ఒకరోజు అవ్వ ఆమె చేతినే దారంతో కొలిచి తెచ్చుకుంది. పచ్చబొట్లు పొడిచే ఆమెను పిలిచి, ఆ దారం పట్టి, మోచేతికి రెండు వేళ్ల పైన చూపించింది.

"ఈడ చుక్క పెట్టు."

"ఆడ చర్మం మెత్తగా ఉండాది, నొస్తాదవ్వా."

"నొప్పి ఒక దినం. ఆయమ్మ మాట దినామూ."

మర్నాటి నుంచి అవ్వ చుక్క దగ్గర్నుంచే కొలిచింది. మేస్త్రి భార్య ఆ మూరను తన చేతికి ఆనించి చూసుకుని, జడలో తురుముకుంది. ఆ తరువాత మా వీధికి ఏ పూలవాడొచ్చినా ముందు ఆవిడే నిలదీసేది:

"నీ చేతికి చుక్క ఏదప్పా?"