కెమెరాకు కుట్టిన గలీబు

మదనపల్లె బుగ్గకాలువ వీధిలో మునీరా రాసుకున్న కొలతల పుస్తకాన్ని ఎవరైనా సరిగ్గా చదవగలిగితే, ఆ చుట్టుపక్కల ఆడవాళ్ల సంసారాలు సగం బయటపడతాయి. ఎవరు చిక్కిపోయారు, ఎవరికి మూడో నెల, ఎవరు పెళ్లిచూపులున్నాయని అన్నం మానేశారు, అన్నీ టేపుకు తెలుస్తాయి. టేపుకు తెలిసింది మాత్రం మునీరా నోటికి రాదు. ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతోంది, ఒకరి గుట్టు ఇంకొకరి దగ్గర విప్పిన పాపాన పోలేదు. మునీరక్క కడుపులో పడిన మాట మళ్లీ పైకి రాదని వీధిలో పేరు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం. చెప్పొద్దూ, కాస్త గర్వం కూడా.

ముందుగదిలో మిషను, ఒక బెంచీ, మూలన కొలతలు తీసుకోవడానికి అడ్డంగా కట్టిన పచ్చ పరదా. భర్త అలావుద్దీన్‌కు బస్టాండు దగ్గర మోటారుసైకిల్ సీట్లు కుట్టే అంగడి. పెద్దగా లేమీ లేదు, కలిమీ లేదు. రోజులు గడిచిపోతున్నాయి అనుకునేంతలో, రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆమె నమాజుకని లోపలికి వెళ్లి పావుగంటలో తిరిగొచ్చేసరికి బెంచీ మీద ఐదు పట్టుచీరలు మాయమయ్యాయి. ఫాల్ వేయమని ఒక పెళ్లివారు ఇచ్చినవి, నీరుగట్టువారిపల్లె మగ్గాల మీద నేయించినవి. పోయిన చీరలు ఒక ఎత్తు, పెళ్లివారు అన్న మాట ఒక ఎత్తు. "దొంగ యాడ్నుంచి వస్తాడమ్మా, నీ బీరువాలోనే ఎదుక్కో" అన్నారు ముఖం మీదే. వారం రోజులు ఆమెకు ముద్ద దిగలేదు.

పుంగనూరులో సెల్‌ఫోన్ల అంగడిలో పనిచేసే ఆమె తమ్ముడు జాహిద్ ఆ ఆదివారమే ఒక కెమెరా తెచ్చి గోడకు బిగించాడు. కోడిగుడ్డంత ఉంటుంది, తెల్లగా.

"ఇంట్లో పెట్టె గిట్టె ఏమీ ఉండదు ఆపా. రాత్రీ పగలూ రికార్డవుతానే ఉంటాది, అంతా క్లౌడ్‌లోకి పోతాది. దొంగోడు కెమెరాను పీక్కోని పోయినా వాడి మొగం మనకాడ ఉంటాది."

"క్లౌడంటే యాడరా?"

"యాడో కంపెనీవాళ్ల కంప్యూటర్లో."

"ఆడ కూర్చోని ఎవరన్నా సూస్తే?"

"నీ జాకెట్లు సూసే తీరిక ఎవరికుండాది ఆపా!" అని నవ్వేశాడు వాడు. ఆమె కూడా నవ్వింది.

నిజం చెప్పాలంటే ఆ కెమెరా వల్ల ఆమెకు ప్రాణం హాయిగానే ఉండింది. వంటింట్లో కూర కలుపుతూనే గదిలోకి ఎవరొచ్చారో ఫోనులో చూసుకునేది. ఆదివారం పుంగనూరులో తల్లి రజియా దగ్గరికి పోతే, ఇక్కడ అలావుద్దీన్ లోపల గురకపెట్టి నిద్రపోతున్నా దిగులుండేది కాదు. ఎవరైనా గుడ్డ తెస్తే అక్కణ్ణుంచే ఫోను నొక్కి కెమెరాలోంచి మాట్లాడేది: "బుట్టలో పెట్టి పోమ్మా, రేపు కుడతా." గోడ మీద నుంచి మునీరా గొంతు వినపడేసరికి ఎదురింటి ముసలమ్మ గౌరమ్మ "అయ్యో నా తల్లో!" అని అదిరిపడి చీర అక్కడే పారేసి పరుగెత్తిన సంగతి చెప్పుకొని వీధంతా నెల రోజులు నవ్వింది.

కొలతలిచ్చేవాళ్లకు మాత్రం అది కంట్లో నలుసే అయింది. పరదా ఉన్నా సరే, దాని వైపు చూసి కొంగు లాక్కునేవాళ్లు. ఎవరైనా వచ్చినప్పుడు ఆపేయమన్నాడు జాహిద్. ఆపడం తేలికే. మళ్లీ వేస్తే నీలం దీపం మినుక్కుమినుక్కుమంటుంది, ఫోను పాస్‌వర్డ్ అడుగుతుంది, తమ్ముడికి ఫోను చేయాలి. ఒకసారి ఆపి, వేయడం మరిచి రెండు రోజులు అట్లాగే వదిలేసింది కూడా. ఈ తలనొప్పి ఎవరు పడతారని లైనింగు గుడ్డ రెండు మడతలు వేసి, అంచుకు ఎలాస్టిక్ పెట్టి, దానికి ఒక గలీబు కుట్టింది. చిన్న దిండుకు తొడిగినట్టు తొడిగేసి, "గంతలు కట్టేసినా పోండి, ఇంగ దానికేం కనపడదు" అనేది. ఆడవాళ్లు పకపకా నవ్వేవాళ్లు. గలీబు పడగానే గదిలో కబుర్లు మొదలు. అత్తల సంగతులు, మొగుళ్ల సంగతులు, డాక్టరమ్మకు కూడా చెప్పని సంగతులు.

శ్రీలక్ష్మి అట్లా వచ్చేదే. వాల్మీకిపురం దగ్గరి పల్లె పిల్ల, డిగ్రీ చదివింది. మూడేళ్ల కిందట చంద్రమోహన్‌ను చేసుకొని ఈ వీధికి వచ్చింది. అతను టమాటా మండీలో పనిచేస్తాడు. ఎంత మెత్తని మనిషో! నోరు తెరిస్తే అక్కా, అమ్మా తప్ప ఇంకో మాట రాదు. గౌరమ్మను రోడ్డు దాటిస్తాడు. అట్లాంటివాడు పెళ్లాన్ని జాకెట్టు మూసేచోట మాత్రమే కొట్టేవాడు.

అది తెలిసిన మనిషి ఊళ్లో మునీరా ఒక్కతే. మొదటిసారి పరదా వెనక ఆ వీపు చూసినప్పుడు టేపు పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది. "వీపు పైకి కుట్టక్కా" అంది ఆ పిల్ల, అంతే. తర్వాత ప్రతిసారీ అదే మాట. ఈ ఏడు ఉగాది ముందు మునీరాకు ఉండబట్టలేకపోయింది.

"ఎంత పైకని కుట్టేది మే? ఇప్పటికే మెడకాడికి వచ్చేసినాం."

ఆ పొద్దు శ్రీలక్ష్మి బెంచీ మీద కూర్చొని గంటసేపు ఏడ్చింది. కుప్పంలో తనతో చదివిన యమున ఉందట. గార్మెంట్స్ కంపెనీలో సూపర్‌వైజరు. వస్తే పని ఇప్పిస్తుంది, గదిలో చోటిస్తుంది. ఇంట్లోంచి బ్యాగుతో బయటపడేదెట్లా అన్నదే చిక్కు. మునీరా దారి చెప్పింది. జాకెట్టు గుడ్డల కవరులో వారానికి ఒకటీ రెండూ తేవాలి. సర్టిఫికెట్లు, ఆధార్ కార్డు, నాలుగు చీరలు. మునీరా వాటిని ఆదివారం పుంగనూరుకు తీసుకుపోయి రజియా ఇంట్లో దాచేది. అయిదు వారాలు పట్టింది. ఇన్నేళ్లలో టేపు పట్టుకొని ఊరికే చూడటమే గానీ, ఒకరికి అండగా నిలబడటం ఆమెకు అదే మొదలు. భయమూ వేసేది, మనసులో ఎక్కడో సంతోషంగానూ ఉండేది.

చివరి శనివారం అన్నీ మరొక్కసారి మాట్లాడుకున్నారు. గలీబు తొడిగే ఉంది. యమున నంబరు ఇస్తానంటే మునీరా వద్దంది. "నాకు తెలీకుంటే ఎవురడిగినా చెప్పలేను గదా" అని తెలివిగా అంది.

సోమవారం పొద్దున్నే చంద్రమోహన్ మండీకి పోయాడు, తొమ్మిదిన్నరకు శ్రీలక్ష్మి బస్సెక్కింది. పదకొండున్నరకు అతను మునీరా వాకిట్లో ఉన్నాడు. వెంట అన్న రెడ్డెప్ప, వెనక వీధిలో సగం మంది. చంద్రమోహన్ కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిజంగానే ఏడ్చినట్టున్నాడు.

"శ్రీలక్ష్మి కనపడలేదక్కా. ఫోను కలవడం లేదు. నీకేమైనా చెప్పిందా?"

"నాకేం చెప్తాది అన్నా? శనివారం వచ్చింది, కొలతలిచ్చి పాయ."

"ఈమే పంపించింటాది" అన్నాడు రెడ్డెప్ప, అందరికీ వినపడేటట్టు. "వారం వారం ఈడికే వస్తాండె. ఈమెకు తెలీకుండా యాడికి పోతాది?"

గుంపులో ఎవరో అవునన్నారు. అంగడి మూసి పరుగున వచ్చిన అలావుద్దీన్ ముఖం పాలిపోయింది. మళ్లీ అదే నిలబడటం, మళ్లీ అదే వాకిలి, పట్టుచీరలనాడు చూసినట్టే చూస్తున్నారు అందరూ.

చంద్రమోహన్ అన్నను గదమాయించాడు. "ఊరుకోన్నా, అక్క అట్లాంటి మనిషి కాదు. కెమెరా ఉండాది గదక్కా, శనివారంది ఒకసారి సూపించు. నా మనసు కుదుటపడతాది, ఈళ్ల నోళ్లూ మూతపడతాయి."

చూపించనని అనొచ్చు. ఆడవాళ్లు కొలతలిచ్చే గదప్పా, మగోళ్లకు చూపించేది కాదు అంటే వీధి మొత్తం ఆ మాటకు తలూపేది. చేతిలో ఉన్న ఆ ఒక్క మాట ఆమెకు తోచలేదు. తోచిందల్లా ఒక్కటే: శనివారం గలీబు ఉండింది, ఏమీ కనపడదు, చూపిస్తే నా మీద మాట పోతుంది. అరె, ఎంత తొందరపడిందో! ఫోను తెరిచింది, శనివారం నొక్కింది, తనే అతని చేతిలో పెట్టింది.

"సూసుకో అన్నా. నేను దాచేదేముండాది?"

తెర నల్లగా ఉంది. చంద్రమోహన్ వేలితో ముందుకు జరిపాడు. నలుపే. రెడ్డెప్ప ముఖం వేలాడేశాడు. మునీరాకు ఊపిరాడింది. చంద్రమోహన్ ఇంకోచోట వేలు పెట్టాడు, పక్కనున్న మీటతో శబ్దం పెంచాడు. మిషను చప్పుడు వినపడింది. అది ఆగింది. తర్వాత మునీరా గొంతు, ఎదురుగా నిలబడి చెప్తున్నంత స్పష్టంగా:

"నాకాడికి రావద్దు, నేరుగా బస్టాండుకు పో. పుంగనూరులో దిగి మా అమ్మీ ఇంట్లో బ్యాగు తీసుకో. ఆడ్నుంచి కుప్పం బస్సు ఎక్కు. యమున బస్టాండుకు వస్తాది గదా?"

"వస్తాననిందక్కా." అది శ్రీలక్ష్మి.

మునీరా ఫోను కోసం ఎగబడింది. అతను చెయ్యి పైకెత్తి, మిగతాదంతా నిదానంగా విన్నాడు. గలీబు దాని కన్ను మూసింది గానీ చెవి మూయలేదు. ఆ చెవి ఉందని ఆమెకు తెలియకపోతే కదా? పుంగనూరులో కూర్చొని ఈ గోడమీద నుంచి మాట్లాడింది తనే, ఇక్కడివాళ్లు అంటే అక్కడ విన్నదీ తనే. గోడలకు చెవులుంటాయని ముత్తాతల నాటి నుంచి వింటున్న మాట, మేకు కొట్టించి తగిలించుకుంది కూడా తనే. అన్నీ తెలిసి, గుడ్డ ముక్క తొడిగి నిశ్చింతగా ఉండిపోయింది. అంత బుద్ధితక్కువ పని ఇంకొకరు చేసుంటే తనే తిట్టిపోసేది.

చంద్రమోహన్ ఫోను తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. "శానా ఉపకారం చేసినావక్కా" అన్నాడు, అదే మెత్తని గొంతుతో. అయిదు నిమిషాల్లో అన్నదమ్ముల కారు కదిలింది.

శ్రీలక్ష్మి ఫోను ఆపేసి ఉంది, ఆపమన్నది మునీరానే. తల్లికి చేసింది. "ఇప్పుడే బస్సెక్కించి వచ్చినా బేటీ, సంతోషంగా పోయింది" అంది రజియా. యమున నంబరు లేదు. పోలీసులకని వంద నొక్కబోతే అలావుద్దీన్ ఫోను లాక్కున్నాడు. "ఇప్పటిదాకా చేసింది చాలు. వాళ్లింటి కోడల్ని మనం దాటించినామని రేపు ఊళ్లో ఏమేం మాటలు పుడతాయో ఎరుకుండాదా?" అని తలుపు గడియ వేశాడు. ఆమె తలుపుకు ఆనుకొని సాయంత్రం దాకా కూర్చుంది. బస్సు ఇప్పుడు పలమనేరు దాటి ఉంటుంది, ఇప్పుడు వి.కోట దాటి ఉంటుంది అని లెక్కపెట్టుకోవడం తప్ప ఇంకేం చేయలేకపోయింది.

బస్సు కన్నా కారే ముందు చేరింది. కుప్పం బస్టాండులో శ్రీలక్ష్మి మెట్టు దిగుతుంటే కింద నిలబడి బ్యాగు అందుకున్నది చంద్రమోహన్. యమున అడ్డంపడి అరిచిందట. మొగుడూ పెళ్లాల తగువులే అని జనం ఎవరి బస్సు వాళ్లు ఎక్కారు. రెండువైపుల పెద్దలూ కూర్చొని, సర్దుకుపోమని చెప్పి, పిల్లను ఆ ఇంటికే పంపించారు.

జాహిద్ వచ్చి కెమెరా పీకేశాడు, రికార్డంతా తుడిచేశాడు. వీధిలో ఎవరూ మునీరాను ఒక్క మాట అనలేదు. గుడ్డలు తెస్తూనే ఉన్నారు. కాకపోతే పాత జాకెట్టు ఒకటి ఆదికి ఇచ్చి, దీని ప్రకారం కుట్టమ్మా అని వాకిట్లో నుంచే వెళ్లిపోతున్నారు. పరదా వెనక్కి వచ్చేవాళ్లు లేరు.

రెండు నెలల తర్వాత శ్రీలక్ష్మి వచ్చింది. వెంట వచ్చిన అత్త గుమ్మంలో కూర్చొని చెప్పులు కూడా విడవలేదు. పరదా వెనక శ్రీలక్ష్మి ఎడమ చెయ్యి ముందుకు చాపబోయింది. అది సగం దాకానే వచ్చింది. మోచెయ్యి వంకరగా అతుక్కుంది.

"ఈ చెయ్యి వదులుగా కుట్టక్కా. పాతవి ఎక్కడం లేదు."

మునీరా ఆ మోచెయ్యి పట్టుకొని శబ్దం రాకుండా ఏడ్చింది. గొంతు తగ్గించి, ఒకదాని వెంట ఒకటి చెప్పేసింది. "పీకేసినా మే. తుడిపించేసినా. ఆ పాడుముండ కెమెరా నిన్ను నాశనం చేసింది, దాన్ని గోడకు పెట్టించిన నా చేతులు ఇరగ."

శ్రీలక్ష్మి ఆమెను ఏడవనిచ్చింది. తర్వాత, బయటున్న అత్తకు వినపడనంత మెల్లగా అంది:

"కెమెరాను యాల తిడతావక్కా? అదేం నడిచి ఆయన కాడికి పోలేదు. నీ మీద మాట పడకూడదని నువ్వే తీసి ఇచ్చినావు."

మునీరా ఆ మోచెయ్యి వదిలేసింది.

"బిరబిరా కొలుసుకో" అంది శ్రీలక్ష్మి. "మా అత్త కాసుకోనుండాది."