దోనెలో లేచిన మాస్టారు

బస్సు గుండుగొలను దాటుతుండగా చేపల చెరువుల నీచు వాసన తగిలితే ఇప్పటికీ నాకు లోలోపల నవ్వొస్తుంది.

ఏలూరు బడిలో ఏడో తరగతప్పుడు మా లెక్కల మాస్టారిది ఒకటే సిద్ధాంతం. టౌను పిల్లలకు మార్కులొస్తే, చదువు వాళ్ల రక్తంలోనే ఉన్నట్టు. కొల్లేటి లంక నుంచి వచ్చిన నాకొస్తే, "ఎవరిది చూసి రాశావమ్మా? మీ వాళ్లకి లెక్కలు పుట్టుకతోనే రావు కదా!" క్లాసంతా నవ్వేది. నా రక్తంలో ఏం తక్కువైందోనని నిజంగానే ఏడ్చేదాన్ని.

ఆ ఏడు విహారయాత్రకు మాస్టారు మా క్లాసును మా లంకకే తీసుకొచ్చారు. తాటిమాను తొలిచి చేసే మా తాటిదోనెలో కూర్చోవాలే తప్ప నిలబడకూడదు. అది మా ఊళ్లో చంటిపిల్లలకూ తెలుసు. దోనె గట్టు వదలగానే మాస్టారు కొత్త సెల్‌ఫోనుతో ఫొటో తీయాలని లేచారు. గట్టు మీదున్న నాకు "కూర్చోండి మాస్టారండీ" అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

దోనె ఒరిగింది. మోకాల్లోతు నీళ్లలోంచి ఒళ్లంతా బురదతో లేచారాయన.

"టౌనోళ్లకి పుట్టుకతోనే బుద్ధుండదండీ!" అని మా లంక పిల్లలు అరిచారు. అందరికంటే గట్టిగా నేనే అరిచాను.

మేం అరిచిందీ మాస్టారి సిద్ధాంతమేననీ, అంతే అబద్ధమనీ పెద్దయ్యాక తెలిసింది. తెలిసినా సరే, ఆయన మళ్లీ దోనెలో లేస్తే నేను మళ్లీ నోరు మెదపను.