వాంతి కాలేదంటేనే నీళ్లు

1963 వేసవిలో పాలమూరు జిల్లాలోని ఒక దవాఖానలో, ఆడవాళ్ల సర్జికల్ వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. అప్పట్లో మా దగ్గర మత్తంటే ఈథరే. ముఖానికి గుడ్డ మాస్కు పెట్టి, దాని మీద చుక్కచుక్కగా పోసేవారు. మెలకువ రాగానే పేగులు బయటికొస్తాయా అన్నట్టు వాంతులు. ఆపరేషన్ కంటే ఆ వాంతులతోనే మాకు ప్రాణం విసిగిపోయేది.

మా సర్జన్‌గారికి వీటి మీద పరిశోధన చేయాలని బుద్ధి పుట్టింది. కొందరికి ఆపరేషన్‌కు ముందు వాంతులు ఆపే కొత్త ఇంజెక్షన్ ఇస్తారు, కొందరికి ఇవ్వరు. ఎవరికి ఎన్ని వాంతులయ్యాయో నేను అడిగి చెప్పాలి. బాగానే ఉంది. కానీ వార్డులో ఆయనదే ఇంకో నియమం: వాంతి ఆగేదాకా గుక్కెడు నీళ్లు కూడా ఇవ్వకూడదు. పైన రేకుల కప్పు, బయట పాలమూరు ఎండ. నాలుక పిడచకట్టిన మనిషి దగ్గరికెళ్లి "వాంతయిందా?" అని అడగడం నా ఉద్యోగం.

ఎవరిని అడిగినా లేదనే అన్నారు. ఇంజెక్షన్ పడ్డవాళ్లకూ లేదు, పడనివాళ్లకూ లేదు. "మీరు సరిగ్గా చూడటం లేదు సిస్టర్" అని సర్జన్‌గారు నా మీదే విసుక్కున్నారు. వార్డంతా పుల్లటి కంపు, మంచాల కింది వాంతి గిన్నెలు మాత్రం తళతళ. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ రోజుల్లోనే ఆత్మకూర్ వైపు నుంచి లక్ష్మమ్మ వచ్చింది. కడుపులో క్యాన్సర్ గడ్డ. దాన్ని తీసి పెద్ద కుట్టు వేశారు. మర్నాడు పొద్దున అడిగితే వాంతి కాలేదంది, నియమం ప్రకారం చెంచాతో నీళ్లిచ్చాను. ఆమె భర్త బాలయ్య మాత్రం ఏదో తువ్వాల కింద దాచుకుని అస్తమానం నల్లా దగ్గరికి పరుగెత్తుతున్నాడు.

"మళ్లీ ఎక్కడికి బాలయ్యా?"

"కాళ్లు కడుక్కొనొస్త నర్సమ్మా."

"ఇప్పుడే కడుక్కున్నావు కదా?"

"ఈడ దుమ్ము బాగున్నది."

సాయంత్రానికి లక్ష్మమ్మ కళ్లు లోపలికి పోయాయి. నాడి సన్నగిల్లింది, కట్టు మీద ఎర్రటి నీరు ఊరింది. కుట్లు వదులవుతున్నాయని అర్థమైంది. వాంతయిందా అని అడిగాను. లేదని తల ఊపుతూనే నా ఏప్రన్ మీద కక్కింది. బాలయ్య తువ్వాలలోంచి సత్తు గిన్నె తీసి పట్టాడు.

"పొద్దుగాల్నుంచి గిట్లనే అయితాంది" అన్నాడు.

"ఎందుకు చెప్పలేదయ్యా? కుట్లు తెగితే మనిషి పోతుంది."

"చెప్తే నీళ్లు బంద్ చేస్తరంట గదా. పక్క మంచమామె చెప్పింది. దీని నోరెండి మాటొస్తలేదు. ఎవ్వలకు చెప్పకు, జరంత తాగుత అని నా చెయ్యి వట్టుకున్నది. నేనేం జెయ్యాలె?"

పక్క మంచాన్ని చూశాను. ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుంది. వార్డు మొత్తం ఒక్కమాట మీద ఉంది, ఆ మాట తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.

సర్జన్‌గారు లక్ష్మమ్మకు సెలైన్ ఎక్కించి, మళ్లీ కుట్లు వేశారు. ఆమె నాడి నిలబడ్డాక, ఆయన చేతులు కడుక్కుంటుండగానే చెప్పేశాను: వాంతయినా కాకపోయినా అందరి పెదాలకూ తడి దూది పెడతాను, నాలుక తడపడానికి నీళ్లు పిండుతాను, ఆ తర్వాతే అడుగుతాను. లేదంటే ఈ లెక్కలు ఆయనే చూసుకోవచ్చు. ఆయన ముఖం మాడ్చుకున్నా సరేనన్నారు.

మర్నాడు రౌండ్స్‌లో నేను చెప్పింది విని ఆయన అదిరిపడ్డారు. "ఒక్క రోజులో ఇంతమందికి వాంతులా? మీ దూది వల్లే అయ్యుంటుంది సిస్టర్."

"కాదు సార్. వాంతులు రోజూ అవుతున్నవే. ఇవాళ చెప్పారు."

ఆ ఇంజెక్షన్ ఎంత పనిచేసిందో ఆ తర్వాతే మాకు తెలియడం మొదలైంది. కొన్నాళ్లకు లక్ష్మమ్మ బాలయ్య భుజం పట్టుకుని ఆత్మకూర్ బస్సెక్కింది. నిజం చెప్పినందుకు దప్పికతో ఉంచితే, ఏ రోగీ నిజం చెప్పదు. ఇంత చిన్న సంగతి తెలియడానికి ఒక మనిషి కుట్లు తెగబోవాల్సి వచ్చిందే అని ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.