సావ్ అసలు పేరు

నాట్లు వేయడంలో మా పక్కింటి సావ్‌తో కంబోడియాలోని బట్టంబాంగ్ చుట్టుపక్కల ఎవరూ పోటీ పడలేరు. కానీ ఒకప్పుడు మమ్మల్ని పనికి తోలిన గంటలా ఎక్కడైనా ఇనుప రేకు మోగిందో, మనిషి అక్కడే ఉండేది, సావ్ ఉండేది కాదు. అందరూ ఇళ్లకి వెళ్లినా నారు నాటుతూనే ఉండేది. కన్నకూతురు దాలిస్‌ని చూసి, "ఎవరి పిల్లవే నువ్వు? ముఠా నాయకుడు చూస్తే చంపేస్తాడు, ఫో!" అని తరిమేసేది.

గంటా రెండు గంటల్లో తేరుకునేది. జరిగిందేదీ గుర్తుండేది కాదు. మొగుడు పోయిన నెలకి మాత్రం మూడు రోజులైనా తేరుకోలేదు.

పట్నంలో డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. "పిచ్చి కాదమ్మా. జనాన్ని ముఠాలుగా పొలాల్లోకి తోలిన ఆ ఖ్మేర్ రూజ్ రాజ్యంలో భరించలేక మనసు ఒంటిని వదిలి పక్కకి తప్పుకోవడం నేర్చుకుంది. ఇప్పుడు ఏ కష్టమొచ్చినా అదే దారి పడుతోంది. బెదరగొట్టకండి."

మా వాళ్లు బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి ఆత్మల్ని పిలిచే పూజకి గంపా గరిటా సర్దారు. మనిషికి పందొమ్మిది ఆత్మలని మా నమ్మకం. బెదిరి పారిపోయినవాటిని పేరు పెట్టి పిలిస్తేనే వస్తాయి.

"సావ్! అన్నం ఉడికింది, ఇంటికి రా!" దాలిస్ గట్టు మీద నిలబడి గొంతు పోయేలా పిలిచింది. తల్లి వంచిన నడుము ఎత్తలేదు.

"పిన్నీ, మా అమ్మకి నేను అక్కర్లేదా?" అని నన్ను పట్టుకుని ఏడ్చింది.

సావ్ ఆమె పేరు కాదు. బడిపంతులు కూతురని తెలిస్తే చంపేస్తారని పదిహేనేళ్లప్పుడు పెట్టుకున్న దొంగపేరు. ఒకే ముఠాలో నాట్లు వేశాం కనుక నాకు తెలుసు, ఎవరికీ చెప్పనని ఒట్టేశాను. ఆ రాజ్యం పోయి ఇరవయ్యేళ్లయినా నోరు కట్టుకుని కూర్చున్నాను, మొద్దు మొహాన్ని.

"కొలాబ్ అని పిలువు," అన్నాను.

"కొలాబ్! అన్నం వండాను, ఇంటికి రా తల్లీ!"

ఆమె చేతిలోని నారు జారిపోయింది. తలెత్తింది. నేనెరిగిన ఆ పదిహేనేళ్ల పిల్ల ముఖమే. బురదలో పడుతూ లేస్తూ వచ్చి దాలిస్‌ని చుట్టేసుకుంది.

"అమ్మా! ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావే? తమ్ముడేడీ?"

దాలిస్ నా వైపు చూసింది. కొలాబ్ తల్లీ తమ్ముడూ ఆ రాజ్యంలోనే పోయారు. "కాదు, నేను నీ కూతుర్ని" అంటుందనుకున్నాను. ఆ పిల్ల, వచ్చిన ఆత్మలు మళ్లీ పోకుండా తల్లి మణికట్టుకి నూలుదారం కట్టి, "ఇంట్లో ఉన్నాడు. పద, అన్నం చల్లారిపోతోంది," అంది.

ఏడాది దాటింది. కొలాబ్ తింటుంది, నవ్వుతుంది, రేకు మోగినా బెదరదు. ఆ ఇంట్లోంచి "అమ్మా, అమ్మా" అని రోజంతా వినబడుతూనే ఉంటుంది. పిలిచేది దాలిస్ కాదు.